రాళ్లకట్ట వెనక

మా పాత ఇంటి పట్టా ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. సంతకం, గుండ్రటి ముద్ర, నాలుగు దిక్కులా హద్దులు, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. తూర్పు హద్దు దగ్గర ఇసుక దిబ్బ అని రాశారు. ఆ దిబ్బ పోయింది. దాని వెనక ఇల్లు, ఇంటి వెనక వీధి, వీధికి అవతల రామాలయం, ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. ఇప్పుడా హద్దుల మీదుగా మా మరిది బోటు నడుపుకుంటూ వెళ్తాడు.

మాది ఉప్పాడ పక్కన ఒక మత్స్యకార పేట. కాకినాడ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి వస్తే తగులుతుంది, ఆ ఏడాది రోడ్డు మిగిలి ఉంటే. ఉప్పాడ అనగానే అందరికీ జాందానీ చీరలు గుర్తొస్తాయి. మా పేటల పేర్లు తుఫానప్పుడు టీవీలో అడుగున పరుగెత్తే అక్షరాల్లో మాత్రం కనిపిస్తాయి. నాది ఎండుచేపల వ్యాపారం. మా అత్త చేసింది, ఆవిడ అత్త కూడా చేసింది. పదో తరగతి దాకా చదివాను కాబట్టి డ్వాక్రా సంఘం పుస్తకాలు నేనే రాస్తాను, మీటింగులకి నన్నే పంపిస్తారు. ఈ తీరం కోత గురించి ఇంజనీర్లు, ప్రొఫెసర్లు, నాయకులు చెప్పినవి చాలావరకు ముందు వరసలో కూర్చుని విన్నాను. అక్కడ విన్నదీ ఇంట్లో పడిందీ రెండూ కలిపి చెప్తున్నాను.

బయటివాళ్లు ఎవరు కలిసినా "తుఫాన్లో ఇల్లు పోయిందటగా" అంటారు. తుఫాను కాదండీ, కోత అంటే అర్థం కాదు. తుఫాను ఒక రాత్రి వస్తుంది. 1996 నవంబరు 6న వచ్చింది మా పుట్టింటివాళ్లలో కొందరిని సంద్రంలోనే ఉంచేసింది. ఆ రాత్రి గురించి అడిగితే ఈ తీరంలో ఎవరైనా గంటలు గంటలు చెప్తారు. తుఫానుకి పేరుంటుంది, తేదీ ఉంటుంది, వచ్చి రాసుకునేవాళ్లు ఉంటారు. కోతకి అవేవీ లేవు. అది నా కాపరం మొత్తం జరుగుతూనే ఉంది.

కాపరానికి వచ్చిన కొత్తలో మధ్యాహ్నం పూట చెప్పుల్లేకుండా ఇంటి నుంచి నీళ్ల దాకా వెళ్లలేకపోయేదాన్ని. కాళ్లు కాలి, మధ్యలో ఏదో పడవ నీడ చూసుకుని ఆగి, మళ్లీ పరుగెత్తాల్సి వచ్చేది. అంత ఇసుక ఉండేది. తెల్లవారుజామున అలివి వల లాగడానికి రెండు వరసల్లో జనం నిలబడేవాళ్లు. లాగేవాళ్లు, లాగించేవాళ్లు, వాటా కోసం గిన్నె పట్టుకుని కూర్చునే ముసలమ్మలు. వలలు బాగుచేసుకోవడం అక్కడే, కబడ్డీ అక్కడే, పెళ్లి భోజనాలు అక్కడే. ఆడవాళ్లకి అది చేపలు ఎండబెట్టుకునే చోటు. నెత్తళ్లు పలచగా పరిచామంటే మంచి ఎండకి గలగలలాడేవి. కవళ్లకి ఇంకొంచెం టైము పట్టేది. ఎవరి జాగా ఎంతో గీత గీసుకోకపోయినా అందరికీ తెలుసు. ఆ ఇసుకకి అద్దె లేదు, పట్టా లేదు. అందుకే అది పోయినప్పుడు ఎవరూ నష్టం అని రాయలేదు.

ఇల్లు కూలితే ఫొటో తీస్తారు. ఇసుక తగ్గితే ఏం ఫొటో తీస్తారు? ముందు దిబ్బ కరిగింది. దిబ్బ మీద సరుగుడు చెట్లు వేళ్లు బయటపెట్టుకుని కొన్నాళ్లు నిలబడి, ఒక్కోటీ సంద్రం వైపు పడిపోయాయి. తర్వాత అలివి వల లాగేవాళ్లు నిలబడే చోటు తగ్గిపోయి ఆ వేటే మానేశారు. మేం వీధిలోకి జరిగి, తార్రోడ్డు మీద చేపలు ఎండబెట్టడం మొదలుపెట్టాం. ఆటోలు, లారీలు వెళ్లే రోడ్డు మీద ఎండిన చేపకి దుమ్ము వాసన వస్తుందని షావుకారు ధర తగ్గించాడు. అప్పటికింకా ఇల్లు నిలబడే ఉంది. మా బీదరికం మాత్రం ఆ ఏడాదే మొదలైంది.

సంద్రం ఇంటిని ఎలా తీసుకెళ్తుందో చూడనివాళ్లు ఏదో పెద్ద కెరటం వచ్చి గోడని గుద్దుతుందనుకుంటారు. అలా జరగడం తక్కువ. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ. ఆ నాలుగు రోజులూ నీళ్లొచ్చి పునాది కింద ఇసుకని కొద్దికొద్దిగా లాక్కుపోతాయి. పైన మేం అన్నం వండుకుంటూనే ఉంటాం. గచ్చు మీద బిందె పెడితే ఒక పక్కకి ఒరుగుతుంది. తలుపు బిగుసుకుపోతుంది, గడియ పడదు. గడియ పడలేదంటే మా పేట ఆడవాళ్లకి సంగతి తెలిసిపోయినట్టే, గిన్నెలు మూట కట్టడం మొదలుపెడతారు. ఆ తర్వాత పునాది కింద ఖాళీ ఏర్పడుతుంది. చివరికి గోడ విరిగేటప్పుడు కెరటం ఇంటి మీద ఉండదు, వెనక్కి వెళ్తూ ఉంటుంది.

మా మొదటి ఇల్లు మా మావగారు కట్టిన పెంకుటిల్లు. దాన్ని సంద్రం పడగొట్టలేదు, మేమే విప్పేశాం. పక్కింటివాళ్లు ఈ పున్నమి దాటుతుందిలే అని కూర్చుంటే ఒక్క రాత్రిలో వాళ్ల ఇల్లు ద్వారబంధాలతో సహా పోయింది. అది చూసి మా ఆయన "ఇంక లాబం లేదే, ఇప్పేద్దాం" అన్నాడు. మా అత్త ఒప్పుకోలేదు. నేను బతికుండగా నా ఇంటి మీద ఎవడూ చెయ్యెయ్యొద్దని గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. ఆవిడ కూర్చున్న గుమ్మానికి ఎదురుగా దిబ్బ ఉండాల్సిన చోట తెల్లటి నురగ కనిపిస్తోంది. "అత్తా, ఎల్లుండి అమావాస్య. పెంకులు కూడా మిగలవు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, "ముందు దేవుడి గూడు తియ్యి" అంది.

ఇల్లు కట్టడం చూశాం గానీ విప్పడం ఎలాగో ఎవరికి తెలుసు? పెంకులు ఒక్కోటీ దించి చేతులు మార్చుకుంటూ వీధిలో పేర్చాం. దూలాలు దించేటప్పుడు మా ఆయన భుజం జారింది, ఇప్పటికీ చలికాలంలో ఆ చెయ్యి పైకి ఎత్తలేడు. తలుపులు, కిటికీలు, ద్వారబంధాలు తీసుకెళ్లి ఎగువన చుట్టాల పాకలో పెట్టాం. మొండి గోడలు మిగిలాయి. పున్నమి లోపలే అవి పోయాయి.

నష్టం రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు. చెడ్డవాడేం కాదు, చిన్నవాడు, చెమటలు కక్కుతున్నాడు. "కూలిన ఇల్లేదమ్మా?" అన్నాడు. చూపించడానికి నా దగ్గర నీళ్లున్నాయి, వీధిలో పేర్చిన పెంకులున్నాయి. "అయితే ఇది మీరే విప్పుకున్నారు కదా, కూలినట్టు కాదు" అన్నాడు. ఆయన చేతిలో ఫారంలో మూడే గళ్లు: పూర్తిగా కూలింది, కొంత కూలింది, గుడిసె. దూలాలు వదిలేసి చూస్తూ కూర్చున్న పక్కింటివాళ్లకి పరిహారం వచ్చింది. దాచుకున్న మాకు రాలేదు. వాళ్ల మీద కోపం లేదు, వాళ్లకొచ్చింది దూలాల ఖరీదు కూడా కాదు. కానీ దాని తర్వాత మా పేటలో ఇల్లు విప్పుకునేవాళ్లు తగ్గిపోయారు. కూలేదాకా లోపలే కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ ఫారం తయారు చేసినవాళ్లకి ఇది తెలుసో లేదో.

ఫారంలో కోతకి గడి ఎందుకు లేదని చాలా ఏళ్ల తర్వాత ఒక మీటింగులో అడిగితే జవాబు దొరికింది. ప్రభుత్వ విపత్తు నిధి నుంచి సాయం అందాలంటే కేంద్రం జాబితాలో ఉన్న విపత్తు అయ్యుండాలట. తుఫాను ఉంది, వరద ఉంది, సునామీ ఉంది, కరువు, భూకంపం, వడగళ్లు, ఆఖరికి చలిగాలులు, చీడపీడలు కూడా ఉన్నాయి. తీరం కోత లేదు. మా ఇల్లు తుఫానులో పోతే విపత్తు, మామూలు పున్నమికి పోతే మా ఖర్మ. 15వ ఆర్థిక సంఘం మొదటిసారి దీన్ని పట్టించుకుంది. 2021 నుంచి 2026 దాకా దేశం మొత్తానికి కోత ఆపడానికి 1,500 కోట్లు, కోతవల్ల ఊళ్లు వదిలినవాళ్లకి వేరే చోటు చూపించడానికి 1,000 కోట్లు పెట్టమంది. అందులో ఏటి ఒడ్డు కోతలు కూడా కలిసే ఉన్నాయి. మా అబ్బాయి సివిల్ డిప్లొమా చదివాడు, ఈ లెక్కలన్నీ వాడే వెతికి పెట్టాడు.

రెండో ఇల్లు రోడ్డుకి ఇవతల కట్టాం. స్లాబు ఇల్లు. ప్రభుత్వం ఇచ్చిన ఇంటి సొమ్ముకి వడ్డీకి తెచ్చిన అప్పు, నా మెడలో నానుతాడు కలిస్తే పూర్తయింది. అప్పటికే 2010 ప్రాంతంలో ఒడ్డు పొడవునా జియోట్యూబులు వేశారు. దిట్టమైన గుడ్డతో కుట్టిన పొడవాటి సంచులు. యంత్రాలతో ఇసుకా నీళ్లూ కలిపి లోపలికి కొట్టి నింపారు, పైన ఇనుప వల పెట్టెల్లో రాళ్లు పేర్చారు. రాజమండ్రి గట్టు మీద కూర్చున్నట్టు సాయంత్రాలు దాని మీద కూర్చునేవాళ్లం. కొన్నేళ్లు బాగానే ఆగింది, ఆ మాట చెప్పాలి. ఆ ధైర్యంతోనే అప్పు చేసి స్లాబు వేశాం. తర్వాత ఉప్పుగాలికి ఇనుప వల తుప్పు పట్టింది, రాళ్లు జారిపోయాయి, సంచులు చిరిగి లోపలి ఇసుక మళ్లీ సంద్రంలోనే కలిసింది. కొట్టుకొచ్చిన గుడ్డ ముక్కలు చాలా గట్టివి. వాటిని కడిగి, రోడ్డు మీద పరుచుకుని చేపలు ఎండబెట్టుకున్నాం. ప్రాజెక్టు వల్ల మాకు నికరంగా మిగిలిన లాభం అదేనని మా ఆయన వేళాకోళం ఆడేవాడు.

ఆ తర్వాత బండరాళ్లు తెచ్చి పోశారు. కట్ట వెనక ఉన్నవాళ్లకి రక్షణే, కాదనను. కానీ కట్ట ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి కోత మొదలైంది. రాళ్లని కొట్టిన కెరటం ఊరుకోదు, రాళ్ల అడుగున ఇసుకని తవ్వుతుంది, పక్కకి తిరిగి చివరి రాయి దాటాక ఉన్న నేలని మెలి తిప్పి కోస్తుంది. ఇంజనీర్లు దీనికేదో పేరు చెప్పారు, నేను రాసుకోలేదు. పేటకీ పేటకీ తగువులు వచ్చాయి. మీకు రాళ్లేసి మాకు గొయ్యి తవ్వారు అని అవతలి పేటవాళ్లు మా సంఘం మీటింగుకే రావడం మానేశారు. వాళ్ల మాట నిజమే. ఇంకో సంగతి. రాళ్ల మీదకి బోటు లాగలేం. ఫైబర్ బోటు అంచు రాయికి తగిలిందంటే పగిలిపోతుంది. మగవాళ్లు దూరంగా హార్బరు వైపు దిగుతున్నారు. మేం ఆటో కట్టుకుని అక్కడికి వెళ్లి, మా ఇంటాయన పట్టిన చేపనే వేలంలో పాడుకుని, మళ్లీ ఆటోలో తెచ్చుకుంటున్నాం. నవ్వొస్తుంది గానీ లెక్క వేస్తే కిలో మీద మిగిలేది ఆటోవాడికే.

పెథాయ్ తుఫాను 2018 డిసెంబరు 17, సోమవారం నాడు తీరం దాటింది. మాకు దక్షిణాన కాట్రేనికోన వైపు. మమ్మల్ని ముందే బడికి తరలించారు. పులిహోర పొట్లాలు, దోమలు, పసిపిల్లల ఏడుపు. మర్నాడు వచ్చి చూస్తే ఇల్లుంది! గోడకి బీట పడింది, గచ్చు కొంత కుంగింది, అంతే. రాసుకునేవాళ్లు వచ్చి "కొంత" గడిలో టిక్కు పెట్టి వెళ్లారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లు చూసింది అదే. కానీ తుఫాను వెళ్లినా సంద్రం దిగలేదు. శనివారం 22న పున్నమి. శుక్రవారం రాత్రి గడియ పడలేదు.

అప్పటికి మా అత్త మంచం పట్టి ఉంది. ఆవిడని మంచంతోనే ఎత్తి నలుగురు వీధి చివరికి మోశారు. నేను బియ్యం డబ్బా, ట్రంకుపెట్టె, సంఘం పుస్తకాలు తీశాను. అమ్మాయి పెళ్లికి కొన్న బీరువా ఇరుకు గుమ్మంలో పట్టలేదు, గుమ్మం వంకరపోయింది కదా. మా ఆయనా మరిదీ గొడ్డలితో గోడ కొట్టడం మొదలుపెట్టారు. బయటినుంచి సంద్రం, లోపలినుంచి మేము, ఇద్దరం ఒకే గోడని పడగొడుతున్నాం. "ఒదిలెయ్యండ్రా, బీరువా పోతే పోయింది" అని నేను కేకలేస్తున్నా వాళ్లకి వినబడలేదు, ఆ హోరులో ఏం వినబడుతుంది. గచ్చు మధ్యలోంచి చప్పుడు వచ్చాక ఇద్దరూ బయటికి దూకారు. ముందు గది వెళ్లిపోయింది. వంటగది తెల్లారేదాకా ఉంది. పొద్దున్న చూస్తే గోడకి కొట్టిన మేకుకి ఉల్లిపాయల సంచి అలాగే వేలాడుతోంది, దాని కింద నేల లేదు.

పరిహారం "కొంత కూలింది" లెక్కనే వచ్చింది. తుఫాను పోయాక కూలిందని అర్జీ పెట్టాను. తుఫాను తేదీకీ మీ ఇల్లు కూలిన తేదీకీ పొంతన లేదన్నారు. మళ్లీ పెట్టాను. ఆ కాగితాల నకళ్లన్నీ పట్టా పక్కనే ఉన్నాయి.

ఆ తర్వాతి రోజులు పెద్దగా చెప్పేదేం లేదు. ఎగువన అద్దె ఇల్లు. అప్పు తీరడానికి అబ్బాయి హైదరాబాదు సైటు పనికి పోయాడు. అమ్మాయికి సంబంధం కుదిరినట్టే కుదిరి, పెళ్లికొడుకు తరఫువాళ్లు "ఇప్పుడు మీ ఇల్లెక్కడండీ" అని అడిగి, మళ్లీ కబురు చెయ్యలేదు. తర్వాత వేరే మంచి సంబంధమే వచ్చింది. అయినా ఆ ప్రశ్న నాకు ఇల్లు పోయిన రాత్రి కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

ఇల్లు పోయిన తర్వాతి వేసవిలో మా అత్త పోయింది. మావగారి పక్కన పెట్టమని ముందే చెప్పింది. మావగారి పక్కన ఇంకేముంది, స్మశానం సగం ఏనాడో పోయింది. మా వాళ్లలో పూడ్చడమే ఆచారం. పోట్లకి గుంటలు తెరుచుకున్న ఏళ్లలో మగవాళ్లు చీకటితో వెళ్లి, మిగిలింది ఏరి, ఎగువన మళ్లీ మట్టి కప్పి వచ్చేవాళ్లు. ఆ సంగతి ఇళ్లలో మాట్లాడేవాళ్లు కాదు. మా వీధి బావి మాత్రం చాన్నాళ్లు కనబడేది. చుట్టూ ఇసుక పోయాక వరలు ఒడ్డున పొయ్యి గొట్టంలా నిలబడి ఉండేవి, చూడ్డానికి వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగేవాళ్లు.

చూడ్డానికి రావడమంటే గుర్తొచ్చింది. తుఫాను వెళ్లిన మర్నాడు మా ఒడ్డున బంగారం దొరుకుతుందని పేపర్లో వేస్తారు. నిజమే, దొరుకుతుంది. 2020లో నివర్ తుఫాను తర్వాత పేటంతా దువ్వెనలు, పుల్లలు పట్టుకుని ఇసుక గీకుతూ కూర్చుంది. పూసంత, గింజంత ముక్కలు. రాజుల కాలం నాటి గుళ్లు మునిగిపోయాయి, వాటివి అంటారు. నాకైతే అది మా ముత్తవ్వల ముక్కుపుడకలే అనిపిస్తుంది. పోయిన ఇళ్లు ఎన్ని, ఆ ఇళ్లలో గూటిలో దాచి మర్చిపోయినవి ఎన్ని. నాకెప్పుడూ ఏమీ దొరకలేదు.

ఇంతకీ సంద్రం మా మీదకే ఎందుకొస్తోంది? ఒక మీటింగులో ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధనలు చూపించి ఒకాయన గోడ మీద మ్యాపు వేశారు. కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది కదా, 16 కిలోమీటర్ల ఇసుక నాలుక. గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండొందల ఏళ్లలో పెరిగింది. కాకినాడకి అదే కాపు. 2004 సునామీ అప్పుడు కాకినాడ బతికిపోయింది దానివల్లే అంటారు. ఆ నాలుక ఉత్తరానికి పెరిగేకొద్దీ కెరటాల బలం వంపు తిరిగి ఉప్పాడ ఒడ్డున కేంద్రీకరిస్తోందట. దక్షిణం గాలి కాలంలో ఒడ్డు వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఆ నడకకి నాలుక అడ్డం, ఆపైన పోర్టు గోడలు అడ్డం. పోయే ఇసుక పోతోంది, రావాల్సింది రావడం లేదు.

అసలు గోదావరే ఇసుక తేవడం తగ్గిపోయింది. 1970ల్లో ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు సంద్రానికి చేరేదని, 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయిందని వాళ్ల లెక్క. ఎగువన కట్టిన ఆనకట్టలు నీళ్లతోపాటు మన్నునీ ఆపేశాయి. నేను గోదావరి నీళ్లతో పండిన బియ్యమే తింటాను. ఆనకట్టలు కట్టకూడదని ఎలా అంటాను? కానీ కాలవ నీళ్లు ఎవరికెన్ని అని వాటాలు వేసినప్పుడు, సంద్రానికి ఇంత మన్ను చేరాలి అని ఎవరైనా అన్నారా? ఆ మాట నేను లేచి అడిగాను. మ్యాపు వేసినాయన నవ్వి, "మంచి ప్రశ్నమ్మా" అన్నారు. మంచి ప్రశ్న అంటే జవాబు లేదని ఈ మీటింగుల్లో నేర్చుకున్నాను.

జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా తీరం మార్పులు లెక్క కట్టింది. దేశంలో మూడో వంతు తీరం కోతలో ఉంది. మన రాష్ట్రంలో 28 శాతం పైన కోత, దాదాపు సగం పెరుగుతోంది. మా అబ్బాయి ఫోన్లో ఇది చదివి వినిపిస్తే మా ఆయన "అయితే మన ఇసుక ఎక్కడో ఎవరికో ఉందన్నమాట" అన్నాడు.

నాకు అర్థమైనంతలో దారి కూడా అక్కడే ఉంది. విశాఖలో ఔటర్ హార్బరు కట్టాక ఆర్కే బీచ్‌కి ఇసుక ఆగిపోయింది. హార్బరు దగ్గర పేరుకున్న ఇసుకని డ్రెడ్జర్లతో తోడి బీచ్‌కి కొట్టడం ఏళ్లుగా చేస్తున్నారు. చాలదు, అక్కడా కోత ఉంది, అయినా ఆ పని మానలేదు. అక్కడ సముద్రం ముందుకొస్తే నగరం ఫొటో పాడవుతుంది కాబట్టి. పుదుచ్చేరిలో 1980ల్లో హార్బరు గోడలు కట్టాక ఊరి ముందు బీచ్ మొత్తం పోయి రాళ్లు మిగిలాయి. 2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు నీళ్లలోపల వాలుగా పెద్ద ఇనుప దిమ్మె దించారు. కెరటం దాని మీద బలం పోగొట్టుకుని వస్తుంది, వెనక ఇసుక నిలుస్తుంది. యానాంలో ఉండే నా మేనకోడలు పనుల మీద పుదుచ్చేరి వెళ్లినప్పుడు చూసింది. "అత్తా, పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు" అని ఫోన్ చేసింది. నాకు నోట మాట రాలేదు.

ఒడిశాలో ఇంకో దారి పట్టారు. కేంద్రపడా జిల్లాలో సతభాయా అనే ఏడు ఊళ్లని సంద్రం ఒక్కోటీ మింగుతూ వచ్చింది. చివరికి 571 కుటుంబాలకి లోపలికి బగపటియాలో కాలనీ చూపించారు. ప్రాణాలకి భయం లేదు, అది చిన్న సంగతి కాదు. కానీ పొలం, చెరువు, సంద్రం అన్నీ వెనకే ఉండిపోయాయని, పని కోసం మగవాళ్లు వేరే రాష్ట్రాలకి పోయారని చదివాను. మా పేటలో పెద్దవాళ్లు కాలనీ అనగానే గొడవకొచ్చేది ఇందుకే.

2024 జులైలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ మా ఒడ్డుకి వచ్చారు, శాస్త్రవేత్తల్ని తీసుకొచ్చారు. ఇది ఆయన నియోజకవర్గం. 323 కోట్లతో రక్షణ గోడ అని ఆ తర్వాత మాట వచ్చింది. గోడ వద్దనను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను వచ్చినప్పుడు కెరటాలు బీచ్ రోడ్డుని ఏం చేశాయో అందరూ చూశారు. రోగి ముందు బతకాలి కదా. కానీ గోడ చివర ఏ పేట ఉంటుందో ముందే చెప్పండి, ఆ పేటకి ఏం చేస్తారో అదే కాగితం మీద రాయండి అని అడుగుతున్నాను. ఉప్పాడ దగ్గర కడుతున్న ఫిషింగ్ హార్బరు గోడలకి ఉత్తరాన ఇసుక ఎలా నడుస్తుందో చెప్పండి. హార్బరు నోట్లో పేరుకున్న ఇసుకని తోడక తప్పదు, తోడింది నడిసంద్రంలో పోయకుండా ఉత్తరపు ఒడ్డున పొయ్యండి. ప్రతి ఏడూ చెయ్యాలంటే ఖర్చండీ అంటారు. ప్రతి ఏడూ బీచ్ రోడ్డు వెయ్యడం ఖర్చు కాదా?

మొంథా తర్వాత ఇల్లు పోయినవాళ్ల వివరాలు కొత్తగా రాసుకుంటున్నారు. ఎగువన స్థలం ఇస్తే వెళ్తారా అని ఒక ప్రశ్న ఉంది ఆ ఫారంలో. మా మరిది వెళ్లనన్నాడు. బోటు ఒక చోటా నేను ఒక చోటా పడుకుంటే ఇంజను ఎవడు కాస్తాడు అంటాడు, డీజిలు దొంగతనాలు మామూలే. కోడలు వెళ్దామంటోంది, పసిపిల్ల ఉంది. మా ఆయన ఏ సంగతీ చెప్పడు, ఫారం చూడగానే లేచి బయటికి పోతాడు. నేను వెళ్తానని రాశాను. వృత్తి అన్న గడిలో రాసుకునేవాడు "గృహిణి" అని పెట్టేశాడు. కొట్టించి, ఎండుచేపల వ్యాపారం అని వేయించాను. కింద కొంచెం ఖాళీ జాగా ఉంటే అతని పెన్ను తీసుకుని, ఇళ్ల స్థలాలతోపాటు సంఘం ఆడవాళ్లకి చేపలు ఎండబెట్టుకునే కళ్లానికి ఇరవై సెంట్లు, బోట్లు దిగే చోటికి నడిచి వెళ్లే దూరంలో, అని రాశాను. అలా రాయడానికి గడి లేదమ్మా అన్నాడు. గడి లేకపోయినా ఉంచు బాబూ అన్నాను. ఉంచాడు. నకలు తీయించుకున్నాను.